జర్మనీలో మాస్టర్స్‌కి బయలుదేరే ముందు: డబ్బు, ఇన్సూరెన్స్, ఇల్లు... ఏది ఎంచుకోవాలి?

అడ్మిట్ లెటర్ వచ్చాక విమానం ఎక్కేలోపు కనీసం పదిసార్లు "ఇదా, అదా" అన్న ప్రశ్న ఎదురవుతుంది. గవర్నమెంటు బ్యాంకు లోనా, ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ లోనా? పబ్లిక్ ఇన్సూరెన్సా, ప్రైవేటా? స్టూడెంట్ హాస్టల్ వచ్చేదాకా ఆగాలా, దొరికిన గదిలో దిగిపోవాలా? చాలామంది ఏది చవకో చూసి తేల్చేస్తారు. జర్మనీకి ఆ లెక్క పనికిరాదు. అక్కడ ఒక కాగితం భుజాల మీద ఇంకో కాగితం నిలబడుతుంది. ఇంటి ఓనరు సంతకం ఉంటేనే సిటీ ఆఫీసులో అడ్రసు రిజిస్ట్రేషన్. అది అయితేనే ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది, చాలా బ్యాంకుల్లో ఖాతా తెరుచుకుంటుంది. ఖాతా ఉంటేనే బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే ఏడాది ఖర్చు వేసి ఉంచే, నెలనెలా కొంతే విడుదలయ్యే ఖాతా) ఉన్న మీ డబ్బు మీ చేతికొస్తుంది. ఇన్సూరెన్స్ సమాచారం చేరితేనే యూనివర్సిటీలో ఎన్‌రోల్‌మెంట్. ఇవన్నీ జత చేస్తేనే రెసిడెన్స్ పర్మిట్. కాబట్టి ప్రతి చోటా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది తీసుకుంటే తర్వాతి కాగితం వస్తుందా, ఆగిపోతుందా?

992 యూరోల వెనుక లెక్క

స్టూడెంట్ వీసాకి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 యూరోలు చూపించాలి. 2024 సెప్టెంబరు 1 నుంచి ఈ అంకె అమల్లో ఉంది, అంతకుముందు 11,208. ఈ 992 గాల్లోంచి ఊడిపడలేదు. అక్కడి విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే బాఫోగ్ సాయంలో గరిష్ఠ మొత్తమిది. తిండికీ మిగతా ఖర్చులకీ 475, అద్దెకు 380, ఆరోగ్య బీమాకు 102, దీర్ఘకాల సంరక్షణ కోసం ఉండే కేర్ బీమాకు 35, కూడితే 992. అద్దె కింద వేసిన 380 దగ్గర ఒక్క క్షణం ఆగండి. స్టూడెంట్ హాస్టల్లో అది సరిపోవచ్చు. మ్యూనిక్‌లో బయట గదికి 700 దాటడం మామూలే. అంటే వీసా వాళ్లు ఒప్పుకున్న డబ్బు, ఆ ఊళ్లో బతకడానికి కావాల్సిన డబ్బు ఒకటి కావు.

చేతిలో రెండు అడ్మిట్లు ఉన్నవాళ్లు ఇక్కడే ఓ చిన్న గుణకారం చేసుకోవాలి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకు 100 నుంచి 400 యూరోల దాకా కంట్రిబ్యూషన్ మాత్రం కడతారు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 శీతాకాల సెమిస్టరు నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. నాలుగు సెమిస్టర్లకు 6,000. దీన్ని 24 నెలలకు పంచితే నెలకు 250. అంటే ఫీజు లేని ఊళ్లో గది అద్దె 250 యూరోలు ఎక్కువైతే, "ఫ్రీ" అనుకున్న సీటు, ఫీజున్న సీటు ఖర్చులో సమానం. ఆ రాష్ట్రంలో చిన్న ఊళ్లో హాస్టల్ గది దొరికినవాళ్లు, ఫీజు లేదని బెర్లిన్ వెళ్లి బయట గది తీసుకున్నవాళ్ల కంటే తక్కువ ఖర్చులో చదువు ముగించవచ్చు. స్టుట్‌గార్ట్ విషయంలో మాత్రం ఫీజూ ఉంది, అద్దే ఎక్కువ. టెక్నికల్ యూనివర్సిటీ ఆఫ్ మ్యూనిక్ 2024-25 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కి సెమిస్టరుకు 4,000 లేదా 6,000 యూరోలు పెట్టింది. అద్దె కూడా కలుపుకుంటే అది వేరే తరగతి లెక్క. పేరు కోసం వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ జర్మనీలో చదువు ఉచితం అన్న పాత మాట పట్టుకుని వెళ్లకండి.

"పార్ట్‌టైమ్ చేసుకుంటాడులే" అనేది ఇంట్లో అందరూ చెప్పే మాట. చట్టం ఒప్పుకుంటుంది: 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు, దాటితే స్టూడెంట్‌గా ఉన్న బీమా సౌకర్యం పోతుంది. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, కాబట్టి నిండుగా 20 గంటలు దొరికితే నెలకు దాదాపు 1,200. బాగానే ఉంది. కానీ మొదటి సెమిస్టరు బడ్జెట్‌లో దీన్ని సున్నాగా వేసుకోండి. జర్మన్ రానివాళ్లకు మొదటి పని దొరకడానికి నాలుగైదు నెలలు పట్టడం వింతేమీ కాదు.

లోనా, ఇంటి డబ్బా, లోనైతే ఎక్కడ?

ప్రభుత్వ బ్యాంకులో వడ్డీ తక్కువ, ప్రాసెస్ నెమ్మది. ఆస్తి తాకట్టు పెట్టే లోనైతే లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రెండూ అవ్వాలి. లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అప్రూవ్డ్ ప్లాన్ అడుగుతారు. సాగు భూమిని ఎక్కువ బ్యాంకులు తీసుకోవు. పంచాయతీ లేఅవుట్‌లో ప్లాటుంటే క్రమబద్ధీకరణ కాగితం లేకపోతే ఫైలు లీగల్ దగ్గరే ఆగుతుంది. (ఈ ప్రయాణంలో రెండు ఎల్‌ఆర్‌ఎస్‌లు తగులుతాయి: ఒకటి ప్లాటుది, రెండోది విదేశాలకు డబ్బు పంపే పథకానిది. కౌంటర్లో ఏది అడుగుతున్నారో కనుక్కుని మాట్లాడండి.) ఫైనాన్స్ కంపెనీలు తాకట్టు లేకుండా, తండ్రి లేదా తల్లి జీతం చూసి, రోజుల్లో శాంక్షన్ ఇస్తాయి, వడ్డీ ఎక్కువ, చాలా వాటిలో చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టాలి.

మా సలహా: ఆస్తి కాగితాలు శుభ్రంగా ఉండి, వీసా అప్లికేషన్‌కి మూడు నెలలు టైముంటే ప్రభుత్వ బ్యాంకు. కాగితాల్లో ఒక్క లింకు తెగినా, టైము నెల రోజులే ఉన్నా, ఫైనాన్స్ కంపెనీ. రెండు చోట్లా ఒకేసారి అడిగి చూస్తే తప్పు లేదు, కానీ నాలుగైదు చోట్ల అప్లై చేస్తే సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, ఎంక్వయిరీలు పేరుకుంటాయి. ఒక సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: లోను శాంక్షన్ లెటర్ బ్లాక్డ్ అకౌంట్‌కి ప్రత్యామ్నాయం కాదు. బ్యాంకు ఆ డబ్బును నిజంగా బ్లాక్డ్ అకౌంట్‌లోకి పంపాలి. ఫీజు కోసమే డబ్బు విడుదల చేస్తాం, లివింగ్ ఖర్చులకు సెమిస్టర్‌వారీగా ఇస్తాం అనే లోన్లు జర్మనీకి సరిపడవు. సంతకం పెట్టే ముందు "మొత్తం 11,904 యూరోలు ఒకేసారి పంపుతారా" అని రాతపూర్వకంగా అడగండి.

పన్ను సంగతి. 2025 ఏప్రిల్ నుంచి విదేశాలకు పంపే డబ్బు మీద టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే ముందస్తు పన్ను) ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగానికే. గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోను నుంచి పంపితే టీసీఎస్ అసలు లేదు. యూరో 100 రూపాయలు అనుకున్నా 11,904 యూరోలు దాదాపు 12 లక్షలు కాబట్టి ఇంటి డబ్బైతే కొంత తగులుతుంది. అది పోయిన డబ్బు కాదు. పంపినవాళ్ల పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అసలు రిటర్నే వేయని నాన్నగారి ఖాతా నుంచి పంపితే, ఆ ఏడాది ఆయన వేయాల్సిందే. ఫారంలో పర్పస్ దగ్గర విదేశీ విద్య అని పడిందో లేదో చూడండి. వేరే కోడ్ పడితే టీసీఎస్ రేటు మారిపోతుంది.

బ్లాక్డ్ అకౌంట్ ఎవరి దగ్గర

ఎక్స్‌పాట్రియో, ఫింటిబా, కోరాకిల్ లాంటి సంస్థలు ఆన్‌లైన్లోనే తెరుస్తాయి. ఫీజుల తేడా రెండేళ్లకు కలిపి చూసినా పెద్దది కాదు, దాని కోసం రెండు రోజులు కొట్టుకోకండి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. వీసా రాకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో, ఏ కాగితం చూసి వెనక్కిస్తారు? జర్మనీ చేరాక మొదటి 992 విడుదల చేయడానికి ఏమేం అడుగుతారు: పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా నంబరు చాలా, అడ్రసు రిజిస్ట్రేషన్ కాగితం కూడా కావాలా? రెండోదైతే ఇల్లు దొరికేదాకా మీ డబ్బు మీకు రాదు.

ఇన్సూరెన్స్‌తో కలిపి ప్యాకేజీ ఇస్తారు. అది సుఖమే, కానీ ప్యాకేజీలో టిక్ పెట్టి ఉన్నది పబ్లిక్ బీమానా, ప్రైవేటా అని తెరిచి చూడండి.

డబ్బు పంపేటప్పుడు జరిగే మామూలు పొరపాటు ఇది. సరిగ్గా 11,904 పంపుతారు. మధ్యలో ఒక కరెస్పాండెంట్ బ్యాంకు 15, 20 యూరోలు కోసుకుంటుంది. అకౌంట్లో 11,886 పడుతుంది. కన్ఫర్మేషన్ రాదు, వీసా తారీఖు దగ్గర పడుతుంది, ఆ 18 యూరోల కోసం మళ్లీ ఓ ఫారం, మళ్లీ ఓ ట్రాన్స్‌ఫర్ ఛార్జీ. ఫారంలో ఛార్జీల దగ్గర పంపేవాళ్లే మొత్తం భరించే "అవర్" ఆప్షన్ పెట్టించి, పైన 50 నుంచి 100 యూరోలు కలిపి పంపండి. మిగిలింది ఎక్కడికీ పోదు.

అవసరానికి మించి బ్లాక్డ్ అకౌంట్‌లో వేసేవాళ్లూ ఉన్నారు. మంచిది కాదు. అందులో పడిన డబ్బు నెలనెలా లెక్కగానే వస్తుంది. గది డిపాజిట్‌కి ఒకేసారి 1,200 కావాల్సి వస్తే అక్కణ్నుంచి తీయలేరు. మొదటి నెల అద్దె, డిపాజిట్, సెమిస్టరు కంట్రిబ్యూషన్, పరుపు సామాను అన్నీ మొదటి 992 రాకముందే మీద పడతాయి. విడిగా 2,000 నుంచి 2,500 యూరోలు ఫారెక్స్ కార్డులో, అందులో 300 నోట్లుగా ఉంచుకోండి. 50 యూరోల నోట్లు చాలు; 200 నోటు చూస్తే చిన్న దుకాణాల్లో తల అడ్డంగా ఊపుతారు.

ఇన్సూరెన్స్: ఒకసారి వదిలితే దొరకనిది

అన్నిట్లోకీ వెనక్కి తిప్పుకోలేని నిర్ణయం ఇదే. మిగతావి తప్పైతే డబ్బు పోతుంది, ఇది తప్పైతే తలుపు మూసుకుపోతుంది.

30 ఏళ్ల లోపు డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు పబ్లిక్ ఆరోగ్య బీమా తప్పనిసరి. టీకే, ఏఓకే, బార్మర్, డీఏకే ఇవన్నీ పబ్లిక్ సంస్థలే. నెలకు దాదాపు 140 నుంచి 150 యూరోలు. ఈ అంకె ఎలా వస్తుందంటే: 855 యూరోల ఆధారం మీద 10.22 శాతం, అంటే 87.38, దానిపై ఆ సంస్థ అదనపు రేటు, ఆపైన కేర్ బీమా. పిల్లల్లేనివాళ్లకు 23 ఏళ్లు నిండితే కేర్ బీమా రేటు 3.6 నుంచి 4.2 శాతానికి పెరుగుతుంది. అందుకే ఒకే క్లాసులో ఇద్దరికి వేర్వేరు మొత్తాలు కట్ అవుతుంటాయి. పబ్లిక్ సంస్థల మధ్య వైద్యంలో తేడా దాదాపు లేదు. ఇంగ్లిష్‌లో ఫోన్ ఎత్తేది, యాప్ బాగున్నది తీసుకోండి.

ప్రైవేటు వాళ్లు నెలకు 30, 40 యూరోల నుంచి ప్లాన్లు చూపిస్తారు. నెలకు 100 మిగిలితే రెండేళ్లకు 2,400, ఎవరికైనా ఆశ పుడుతుంది. దాని వెల ఇది. ప్రైవేటుకి వెళ్లాలంటే పబ్లిక్ బీమా నుంచి మినహాయింపు కాగితం తీసుకోవాలి, బీమా బాధ్యత మొదలైన మూడు నెలల్లోపే. ఒకసారి తీసుకుంటే ఆ చదువు పూర్తయ్యేదాకా రద్దు చేసుకోలేరు. డాక్టరు బిల్లు ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. పాత జబ్బులు కవరవవు. పళ్ల వైద్యానికి పరిమితులుంటాయి. చవక ప్లాన్లకు రెసిడెన్స్ పర్మిట్ ఆఫీసు అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. అసలు దెబ్బ చదువైపోయాక: ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, ఆ కాలంలో పబ్లిక్‌లో ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా అదే సంస్థలో కొనసాగవచ్చు. ప్రైవేటులో ఉన్నవాళ్లు ఉద్యోగం దొరికేదాకా బయటే.

కాబట్టి 30 లోపువాళ్లు పబ్లిక్ తీసుకోండి. దీనికి రెండో ఆలోచన అక్కర్లేదు. 30 దాటి బయలుదేరేవాళ్లకు స్టూడెంట్ రేటు వర్తించదు, పబ్లిక్ తలుపే సాధారణంగా తెరుచుకోదు, ప్రైవేటే దారి. వాళ్లు చవక ప్లాన్‌కి కాకుండా, ఎక్కువ కాలం పొడిగించుకోగలిగే, ఆస్పత్రి ఖర్చుకి పైపరిమితి లేని ప్లాన్‌కి వెళ్లాలి. 29లో ఉన్నవాళ్లు పుట్టినరోజు, సెమిస్టరు తారీఖులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంకొకటి మర్చిపోతుంటారు. పబ్లిక్ కవర్ సాధారణంగా సెమిస్టరుతో మొదలవుతుంది, అంటే శీతాకాలానికి అక్టోబరు 1. మీరు సెప్టెంబరు 10న దిగితే మధ్యలో మూడు వారాలు బీమా లేనట్టే. ఆ ఖాళీకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, రెండు వారాలు అటు ఇటు పొడిగించి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ మాత్రం అవ్వదు. పబ్లిక్ సంస్థ మీ వివరాలు యూనివర్సిటీకి ఎలక్ట్రానిక్‌గా పంపాలి. ప్రైవేటు తీసుకున్నవాళ్లకు కూడా "ఈయనకు మినహాయింపు ఉంది" అని పంపేది పబ్లిక్ సంస్థే.

ఇల్లు: అద్దె కంటే ముందు అడ్రసు

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు సిటీ ఆఫీసులో అడ్రసు రిజిస్టర్ చేయించుకోవాలి. దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఓనరు సంతకంతో ఒక పేజీ కాగితం కావాలి. పేరు పెద్దది, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. కాగితంలో ఉండేది మాత్రం మీ పేరు, అడ్రసు, దిగిన తారీఖు, ఓనరు పేరు, సంతకం. గది చూసేటప్పుడు అద్దె సంగతి తర్వాత, ముందు ఈ కాగితం ఇస్తారా అని అడగండి. "ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అని ప్రకటనలో రాసున్న గది ఎంత చవకైనా తాత్కాలిక మకాంగా తప్ప తీసుకోకండి.

ఇక పోలిక. స్టూడెంట్ హాస్టళ్లు నడిపేది యూనివర్సిటీ కాదు, ష్టుడీరెండెన్‌వెర్క్ అనే వేరే సంస్థ. సామాను ఉన్న గది, కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ అద్దెలోనే, కాగితం తప్పక వస్తుంది. లోపం ఒక్కటే, క్యూ. పెద్ద ఊళ్లలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు వేచి ఉండటం అరుదు కాదు. కొన్ని ఊళ్లలో అడ్మిట్ రాకముందే అప్లై చేయనిస్తారు. చేయండి, పోయేదేమీ లేదు. ఆఫర్ వచ్చాక ఒప్పుకోవడానికి నాలుగైదు రోజులే ఇస్తారు, అదీ ఈమెయిల్లో. ఆ రోజుల్లో స్పామ్ ఫోల్డరు రోజూ తెరవండి. హాస్టల్లోనూ రకాలున్నాయి: విడి స్టూడియో, కారిడార్‌కి ఒక వంటగది, నలుగురి ఫ్లాటు. నలుగురి ఫ్లాటు చవక, పైగా రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అనే ప్రసార రుసుము, నెలకు 18.36 యూరోలు, ఫ్లాటు మొత్తానికి ఒక్కటే. విడి స్టూడియోలో ఒక్కరే కట్టాలి.

బయటి షేర్డ్ ఫ్లాటుని వేగే అంటారు. అక్కడ గది ఇవ్వాలా వద్దా అని చూసేది ఓనరు కంటే ముందు అందులో ఉన్నవాళ్లు. పదిమందికీ ఒకే మెసేజ్ కాపీ కొట్టి పంపితే జవాబు రాదు. ప్రకటనలో వాళ్లేం రాశారో దాన్ని పట్టుకుని నాలుగు వాక్యాలు, చదువు, దిగే తారీఖు, వీడియో కాల్‌కి సిద్ధమని రాయండి. ప్రకటనలో ఉన్న అద్దె కాల్ట్‌మీటెనా, వార్మ్‌మీటెనా అడగండి. మొదటిది ఉత్త అద్దె, రెండోది హీటింగ్, నీళ్లు కలిపినది. రెంటికీ 100 యూరోలు తేడా ఉండొచ్చు. డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల ఉత్త అద్దెకు మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు ఉంది.

మన ఊరివాళ్లే నలుగురు కలిసి ఫ్లాటు తీసుకోవడం మూడో దారి. వంట, భాష, మొదటి చలికాలం బెంగ, అన్నిటికీ హాయి. కాగితం విషయంలో మాత్రం జాగ్రత్త. నలుగురూ సంతకం చేస్తే అద్దె మొత్తానికి ఒక్కొక్కరూ బాధ్యులే: ఒకరు డ్యూయిస్‌బర్గ్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చిందని వెళ్లిపోతే ఆ వాటా మిగతా ముగ్గురి మీద పడుతుంది. ఒక్కరే సంతకం చేసి మిగతా ముగ్గురూ ఆయన దగ్గర అద్దెకుంటే, దానికి ఓనరు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇద్దరికి రాసిచ్చిన ఫ్లాటులో ఐదుగురు సర్దుకోవడం వల్లే మొదటి ఏడాది గొడవలు ఎక్కువ వస్తాయి. ఉండని అడ్రసు డబ్బులిచ్చి కొనుక్కుని రిజిస్టర్ చేసుకోవడం చట్టవిరుద్ధం. చేసుకున్నవాళ్లకు 1,000 యూరోల దాకా, అడ్రసు అమ్మినవాళ్లకు 50,000 దాకా జరిమానా ఉంది.

ప్రైవేటు స్టూడెంట్ అపార్ట్‌మెంట్లు ఇండియా నుంచే బుక్ అవుతాయి, కాగితం ఇస్తారు, ఖరీదెక్కువ, ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం రాయించుకుంటారు. ఎక్కడా దొరకనప్పుడు ఒక సెమిస్టరుకు తీసుకోవడం మంచి ఎత్తే. త్స్విషెన్‌మీటె, అంటే ఎవరో ఊరెళ్తూ రెండు నెలలకు ఇచ్చే గది, ఆన్‌మెల్డుంగ్ ఇస్తే ఇంకా మంచిది: సామానుతో సహా వస్తుంది, ఊళ్లో ఉండి అసలు గది వెతుక్కోవచ్చు. మా వరుస ఇలా ఉంటుంది: హాస్టల్, లేకపోతే కాగితమిచ్చే త్స్విషెన్‌మీటె, అదీ లేకపోతే ఆరు నెలల ప్రైవేటు అపార్ట్‌మెంట్. హోటలు గదిలో దిగి చూసుకుందాం అనేది ఆఖరిది.

మోసం పట్టుకోవడం తేలికే, గది దొరకదన్న భయం లేకపోతే. ఓనరు లండన్‌లోనో ఒస్లోలోనో ఉంటాడు, తాళాలు కొరియర్‌లో పంపుతానంటాడు, నమ్మకానికి పాస్‌పోర్టు ఫొటో పెడతాడు (అది ఇంకెవరిదో), మ్యూనిక్ నడిబొడ్డున 45 చదరపు మీటర్లు 450కే అంటాడు. వీడియో కాల్‌లో గది తలుపు బయట నుంచి లోపలికి నడుస్తూ, కిటికీ తెరిచి వీధి చూపించమనండి. కుదరదన్నవాళ్లకు ఒక్క యూరో పంపొద్దు.

ముందు వెళ్లాలా, ఆఖరి వారమా

మూడు వారాలు ముందు వెళ్తే సిటీ ఆఫీసు అపాయింట్‌మెంట్, బ్యాంకు, అన్నీ క్లాసులకు ముందే అవుతాయి. బదులుగా ఒక నెల అద్దె ఎక్కువ. ఇల్లు ఖాయమైనవాళ్లు ముందే వెళ్లండి. ఖాయం కానివాళ్లు కూడా ముందే వెళ్లాలి, ఎందుకంటే సెప్టెంబరు చివరి వారంలో దేశంలో ఉన్న విద్యార్థులంతా గదుల మీద పడతారు. మరి ఆఖరి వారం ఎవరికి? వీసా ఆలస్యమైనవాళ్లకు. వాళ్లు యూనివర్సిటీకి ముందే ఈమెయిల్ చేసి, ఎన్‌రోల్‌మెంట్ గడువు ఎంత పొడిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. క్లాసులు అక్టోబరు మధ్యలో కదా అని ఊరుకోకండి. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో చాలా చోట్ల సెప్టెంబరులోనే మొదలవుతాయి.

టికెట్ కొనేటప్పుడు ధర కంటే వారం చూడండి. హాస్టల్ తాళాలిచ్చేది హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగ్ బాగోగులు చూసే ఆయన, ఉండేది పనిదినాల్లో, తరచు పొద్దున కొన్ని గంటలే. శుక్రవారం సాయంత్రం దిగినవాళ్లు సోమవారం దాకా హోటలు. ఆదివారం దుకాణాలు కూడా మూసే ఉంటాయి, దుప్పటి కొనాలన్నా దొరకదు. మంగళవారమో బుధవారమో ఉదయం దిగే విమానం రెండు వేల రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

సూట్‌కేసులో ఏది, అక్కడ కొనేది ఏది

యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా మూడూ లేనట్టే. ఆవకాయ, పొడులు ఫరవాలేదు. పచ్చి కరివేపాకు కట్టకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, కాబట్టి ఎండబెట్టింది పెట్టుకోండి. మందులు సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో. కళ్లజోడు రెండో జత తప్పక పెట్టుకోండి, అక్కడ ఖరీదు.

కుక్కరు తీసుకెళ్లడం మంచిదే, కానీ ఏ కుక్కరో చూడండి. హాస్టల్ వంటగదుల్లో గాజు పొయ్యిలుంటాయి, కొన్ని ఇండక్షన్. మామూలు అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద వేడెక్కదు. అడుగున ఫ్రిజ్ మ్యాగ్నెట్ పెట్టి చూడండి. అంటుకుంటే రెండు రకాల పొయ్యిల మీదా పనిచేస్తుంది. మూడు లీటర్లది చాలు, అదనంగా రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు. మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడి సాకెట్లో పట్టవు. ఒక అడాప్టరు, దానికి తగిలించే ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే ల్యాప్‌టాప్, ఫోను అన్నీ నడుస్తాయి, వోల్టేజి ఒకటే. మిక్సీ, ఇస్త్రీపెట్టె, దుప్పట్లు వద్దు. భారీ కోటు కూడా అక్కడే, అక్టోబరు చివర్లో కొనండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు కాగితాలు పరిశీలించి జర్మన్ వాళ్లిచ్చేది), అడ్మిట్, బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్ కాగితం, ఆరు బయోమెట్రిక్ ఫొటోలు చేతిసంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ సూట్‌కేసు కనెక్టింగ్ విమానం తప్పితే రెండు రోజుల తర్వాత రావచ్చు.

తాళం చేతికొచ్చిన రోజు

తాళం తీసుకునేటప్పుడు ఒక అప్పగింత కాగితం మీద సంతకం పెట్టమంటారు. పెట్టేముందు గది అంతా తిరిగి గోడ మీద మేకు రంధ్రం, కిటికీ అంచున బూజు మరక, గీత పడిన నేల, తాళాల సంఖ్య అందులో రాయించండి, ఫొటోలు తీసుకోండి. వెళ్లేరోజు డిపాజిట్‌లో కోత పడేది అక్కడ రాయని వాటికే. బిల్డింగ్ మొత్తానికి ఒకే లాక్ సిస్టమ్ ఉన్న చోట ఒక్క తాళం పోగొడితే వందల యూరోలు అడుగుతారు. వంటగదిలో స్మోక్ అలారం ఎక్కడుందో చూసుకుని, పోపు పెట్టేముందు కిటికీ తెరవండి. ఫైరింజన్ ఊరికే వచ్చి వెళ్తే ఆ బిల్లు అలారం మోగించినవాళ్లకు రావచ్చు.

ఆపైన కింద పోస్ట్ బాక్స్ దగ్గరికి వెళ్లి, పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ ఇంటిపేరు రాసి అంటించండి. డోర్‌బెల్ దగ్గర కూడా. అక్కడ పోస్ట్‌మ్యాన్ గది నంబరు చూడడు, పేరు చూస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ట్యాక్స్ నంబరు రెండు మూడు వారాల్లో, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు కార్డు, దాని పిన్ నంబరు విడివిడి కవర్లలో, అన్నీ ఆ బాక్సులోకే వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి, పేరంతా ఒకే వరసలో ఉన్నవాళ్లు ఆ వరసంతా రాయండి.